పిల్లల తొలి అడుగులు, సెలవుల ప్రయాణాలు: పద్ధతిగా రాసి దాచుకోవడం ఎలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్లలో చిన్నపిల్లలున్నవాళ్లు కలిసినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫోను నిండా ఫొటోలే. కానీ బాబు మొదటిసారి ఎప్పుడు నిలబడ్డాడు, అప్పుడు పక్కన ఎవరున్నారు అంటే గుర్తు రావట్లేదు. అన్నీ ఒకచోట ఎలా పెట్టుకోవాలి?"

ఇంకా ఎక్కువ ఫొటోలు తీస్తే ఇది తీరదు. ఫొటో తీసిన రోజే దాని గురించి రెండు మూడు వాక్యాలు రాస్తే తీరుతుంది. బిడ్డ ఏమంది, ఎవరి చెయ్యి వదిలి ఎవరి దగ్గరికి వెళ్లింది, ఇంట్లోవాళ్లు ఏం చేశారు అన్నవి ఫొటోలో పడవు. వారం తిరిగేసరికి మనకూ గుర్తుండవు. అందుకే కింద చెప్పిన పద్ధతిలో ముందు రాత, తర్వాతే ఫొటో, వీడియో. పుట్టినప్పటి నుంచి అయిదేళ్ల దాకా పిల్లలున్న ఇంటికి ఇది సరిపోతుంది.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

బజారులో దొరికే అచ్చు బేబీ ఆల్బమ్ కొనకండి. అందులో గళ్లు ఎవరో ముందే నిర్ణయించి ఉంటారు. మన అన్నప్రాసనకు, పుట్టువెంట్రుకలకు, భోగిపళ్లకు వాటిలో చోటుండదు. మామూలు నోటుబుక్కు మేలు.

- కుట్టు బైండింగ్ ఉన్న, గట్టి అట్ట నోటుబుక్కు ఒకటి. స్పైరల్ పుస్తకం వద్దు, పేజీలు ఊడిపోతాయి.
- బాల్‌పెన్ను. జెల్ పెన్ను రాత మీద తడి చెయ్యి పడితే అలుక్కుపోతుంది.
- పెద్ద కాగితపు కవర్లు ఓ పది. టికెట్లు, రసీదులు, పిల్లల గీతలు వేసుకోవడానికి.
- మూత గట్టిగా పడే స్టీలు డబ్బా లేదా ప్లాస్టిక్ డబ్బా.
- ఫోన్లో వాయిస్ రికార్డర్, బిడ్డ పేరుతో ఒకే ఒక ఆల్బం.
- అమ్మా నాన్నా ఇద్దరే ఉండే వాట్సాప్ గ్రూపు. చేతిలో పుస్తకం లేనప్పుడు అప్పటికప్పుడు రాసి పడెయ్యడానికి.

నోటుబుక్కును బీరువాలో పెట్టొద్దు. బీరువాలో ఉన్న పుస్తకంలో ఎవరూ రాయరు. వంటింటి గూట్లోనో, టీవీ పక్కనో, పెన్ను కట్టి ఉంచండి.

ఫోన్లో రెండు సెట్టింగులు ఇప్పుడే చూసుకోండి. తేదీ, సమయం ఆటోమేటిక్‌గా ఉండాలి. కెమెరాలో లొకేషన్ ఆన్ చెయ్యాలి. ఈ రెండూ సరిగా ఉంటే, ఏ ఫొటో ఎప్పుడు, ఎక్కడ తీశారో ఫైలులోనే ఉండిపోతుంది.

ఇక ఏ లిపిలో రాయాలి? మన వైపు తెలుగు మాట్లాడుతూ ఒడియా మీడియంలో చదువుకున్నవాళ్లు ఇంటింటా ఉన్నారు. తెలుగు చదవడం వచ్చి, రాయడం తడబడేవాళ్లూ ఉన్నారు. మీ చెయ్యి ఏ లిపిలో ఆగకుండా నడుస్తుందో అందులోనే రాయండి. ఒకే పేజీలో అమ్మ ఒడియాలో, తాతగారు తెలుగులో రాసినా ఆ పుస్తకానికి లోటేమీ లేదు. అసలు రాయడమే కుదరనివాళ్లు ఫోన్లో మాట్లాడి దాచుకోవచ్చు, దాని సంగతి 6వ భాగంలో ఉంది.

## 2. శీర్షికలు ముందే వేసుకోండి

ఖాళీ పేజీ చూస్తే ఏం రాయాలో తోచదు. కాబట్టి మొదటి రోజే పేజీల పైన శీర్షికలు వేసేయండి. పెద్దవాళ్ల దగ్గర ఈ పట్టిక తయారుగానే ఉంది: బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. వాటి మధ్య మీ ఇంట్లో జరిపేవన్నీ చేర్చండి.

- బారసాల, ఉయ్యాలలో వెయ్యడం
- మొదటి నవ్వు, మెడ నిలపడం, బోర్లా పడటం
- అన్నప్రాసన: ముందు పెట్టిన వస్తువుల్లో ఏది పట్టుకుంది
- మొదటి పన్ను, ఆసరా లేకుండా కూర్చోవడం, పాకడం
- పట్టుకుని నిలబడటం, పట్టు వదిలి నిలబడటం, అడుగులు
- మొదటి మాటలు (దీనికి కనీసం పది పేజీలు వదలండి)
- పుట్టువెంట్రుకలు
- భోగిపళ్లు, ఏటేటా
- తానే తినడం, తానే చెప్పులు వేసుకోవడం, బాత్‌రూమ్‌కి వెళ్లాలని చెప్పడం
- అంగన్‌వాడీకి లేదా బడికి మొదటి రోజు, అక్షరాభ్యాసం

పేజీల్లో వయసు గళ్లు గియ్యకండి. "9వ నెల: పాకాలి" అని ముందే రాసుకుంటే, ఆ నెల దాటగానే ఇంట్లో గాభరా మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్క చూడండి. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. చేతులూ మోకాళ్ల మీద పాకడం అసలు లేకుండానే నడిచేసే పిల్లలూ కొందరున్నారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే రెండేళ్ల దాకా, పుట్టిన తేదీ నుంచి కాకుండా డాక్టరు చెప్పిన ప్రసవం తేదీ నుంచి వయసు లెక్కించండి.

## 3. ఒక నోటు ఎలా రాయాలి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. తేదీ వేస్తారు, "మొదటి అడుగులు, అందరికీ చాలా సంతోషం" అని రాసి ఆపేస్తారు. ఆ వాక్యం ఏ ఇంటి ఏ బిడ్డకైనా సరిపోతుంది, అందుకే అది ఎవరికీ పనికిరాదు.

దాని బదులు ఇలా రాయండి (రజో అంటే జూన్‌లో ఉయ్యాలలు కట్టి జరుపుకునే ఒడియా పండగ):

"15 జూన్ 2024, శనివారం సాయంత్రం. రజో పండగ. ఎదురింటి వేపచెట్టుకి ఉయ్యాల కట్టారు. మా అరుగు స్తంభం వదిలి ఉయ్యాల వైపు నాలుగడుగులు వేసింది, అయిదోది వెయ్యబోయి కూలబడింది. ఏడవలేదు, ఎవరైనా చూశారా అని చుట్టూ చూసింది. నానమ్మ 'మళ్లీ లెగు తల్లీ' అంటే లేవకుండా పాక్కుంటూ పోయింది. కాళ్లకు పట్టీలు. రాత్రి అరిసెలకి బియ్యం నానబోశాం."

రాయడానికి అయిదు నిమిషాలు చాలు. తేదీ, చోటు, పక్కనున్న మనిషి, ఆ మనిషి అన్న మాట, కంటికి కనిపించిన ఒక వస్తువు అన్నీ ఇందులో ఉన్నాయి. సంతోషం అన్న మాట లేకపోయినా సంతోషం తెలిసిపోతోంది.

నోటు రాసేటప్పుడు ఈ వరస పాటించండి:

1. పూర్తి తేదీ, సంవత్సరంతో సహా. "నిన్న", "మొన్న ఆదివారం" అని రాయొద్దు.
2. ఏ ఊరు, ఎవరి ఇల్లు.
3. ఏం జరిగింది, జరిగిన క్రమంలో.
4. ఎవరైనా అన్న ఒక మాట, వాళ్లు అన్నట్టే. నానమ్మ "లెగు" అంటే "లే" అని దిద్దకండి.
5. చూసినది, తిన్నది, వేసుకున్నది: ఏదో ఒక చిన్న వివరం.
6. ఫొటో గానీ వీడియో గానీ ఉంటే పక్కన "ఫొటో ఉంది" అని చిన్న గుర్తు.

పని ఒత్తిడి ఉన్న రోజున ఇదంతా కుదరదు. అప్పుడు గ్రూపులో మూడు ముక్కలు రాసి వదిలెయ్యండి: "ఉయ్యాల, 4 అడుగులు, నానమ్మ". ఆదివారం పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు ఆ మూడు మాటలే మిగతాదంతా గుర్తుకు తెస్తాయి.

## 4. మాటల పట్టిక: రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు

నా దృష్టిలో మొత్తం పుస్తకంలో విలువైనది ఇదే. అడుగులు అందరు పిల్లలూ ఇంచుమించు ఒకేలా వేస్తారు. మాటలు మాత్రం ఆ ఇంటివే, ఆ వీధివే. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా వినే పిల్లల మాటలు మరీనూ.

పేజీని నాలుగు నిలువు గళ్లుగా గియ్యండి: తేదీ, బిడ్డ పలికిన తీరు, దాని అర్థం, ఎవరితో అంది. మా పాప పేజీలో కొన్ని వరసలు ఇలా ఉన్నాయి:

- "బుబ్బ": అన్నం. ఇంట్లో అందరితో.
- "నీయు": నీళ్లు. నాతో, వాళ్ల నాన్నతో.
- "పాణి": నీళ్లే. పక్కింటి మౌసీతో (ఒడియా పిన్నితో) మాత్రం.
- "కూ": రైలు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆటో, బస్సు కూడా "కూ".

నాలుగో గడి వదిలెయ్యకండి. ఎవరితో ఏ మాట వాడాలో రెండేళ్లలోపు పిల్లలకే తెలుస్తుందన్న సంగతి ఆ గడి వల్లే బయటపడుతుంది.

మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపే లెక్కపెట్టండి. తెలుగులో పదిహేను, ఒడియాలో పది వచ్చిన బిడ్డకు పాతిక మాటలు వచ్చినట్టు. ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపేస్తే కంగారు పడొద్దు, దిద్దొద్దు, అలాగే రాసుకోండి. రెండు భాషలు వింటూ పెరిగే పిల్లలు అలా కలపడం మామూలే.

రెండేళ్లు దాటాక ఒక్కో మాట రాయడం ఆపెయ్యవచ్చు. అప్పటి నుంచి వాక్యాలు, ప్రశ్నలు రాయండి. మూడేళ్ల పిల్లలు అడిగే ప్రశ్నలకు వేరే పేజీ పెట్టండి. ప్రశ్న మాత్రమే కాదు, ఇంట్లోవాళ్లు చెప్పిన జవాబూ రాయండి.

## 5. ఎత్తు, బరువు, టీకాలు: ఇవి వేరేగా

ఆరోగ్యం లెక్కలను జ్ఞాపకాల పుస్తకంలో కలపొద్దు. వాటికి తల్లీబిడ్డల రక్షణ కార్డు ఉంది, అంగన్‌వాడీలో, ఆసుపత్రిలో అదే అడుగుతారు. టీకా వేయించిన ప్రతిసారీ ఆ పేజీని ఫొటో తీసి ఫోన్ ఆల్బంలో వెయ్యండి. ఒకటిన్నర ఏడు దాటాక చాలామంది కార్డు తెరవడం మానేస్తారు. 16 నుంచి 24 నెలల మధ్య తట్టు, రుబెల్లా టీకా రెండో డోసు, డీపీటీ బూస్టరు ఉన్నాయి. 5 నుంచి 6 ఏళ్ల మధ్య డీపీటీ మరో బూస్టరు ఉంది. విటమిన్ ఎ చుక్కలు తొమ్మిది నెలలు నిండాక మొదలై, రెండోది 16 నుంచి 18 నెలల మధ్య, ఆ తర్వాత ఆరు నెలలకోసారి అయిదేళ్ల దాకా.

పొడవు కొలిచేటప్పుడు రెండేళ్లలోపు పిల్లలను పడుకోబెట్టి, రెండేళ్లు దాటాక నిలబెట్టి కొలుస్తారు. నిలబెట్టినప్పుడు 0.7 సెంటీమీటరు దాకా తక్కువ రావడం సహజం, బిడ్డ కుంచించుకుపోలేదు.

గుమ్మం పట్టె మీద పెన్సిలుతో ఎత్తు గీతలు పెట్టడం అందరికీ ఇష్టమే. అద్దె ఇల్లయితే ఆ గీతలు అక్కడే ఉండిపోతాయి. దర్జీ దగ్గర గట్టి గుడ్డ పట్టీ, ఒకటిన్నర మీటరు పొడవుది కుట్టించుకోండి. గోడకు వేలాడదీసి, పుట్టినరోజు నాడు చెరగని మార్కరుతో గీత, తేదీ వెయ్యండి. ఇల్లు మారినా చుట్టి పట్టుకుపోవచ్చు. కింది అంచు నేలకు తగిలేలా చూడండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. 18 నెలలు నిండాక కూడా సొంతంగా నడవకపోయినా, అర్థమున్న మాట ఒక్కటీ రాకపోయినా, రెండేళ్లకు "అమ్మా దా" లాంటి రెండు మాటల జత కూడా రాకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. వచ్చిన మాటలు, చేసే పనులు ఏ వయసులోనైనా వెనక్కి పోతుంటే వెంటనే చూపించండి. "రెండు భాషల ఇల్లు కదా, మాటలు ఆలస్యమవుతాయిలే" అని ఊరుకోవద్దు. రెండు భాషలు వినడం వల్ల ఆలస్యం రాదు. అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికీ చూపించవచ్చు. మీరు రాసిన తేదీలు, తీసిన వీడియోలు డాక్టరుకు చాలా పనికొస్తాయి. ఆసుపత్రి గదిలో బిడ్డ నోరు విప్పదు, ఇంట్లో తీసిన వీడియోలో మాట్లాడుతుంది.

## 6. ఫొటో, వీడియో, గొంతు

ఫొటోకి మీరు కిందికి దిగాలి. నేల మీద కూర్చుని, బిడ్డ కళ్ల ఎత్తులో ఫోను పట్టండి. కిటికీ పక్క నుంచి వెలుతురు పడేలా చూడండి, ఫ్లాష్ వద్దు. ముఖాలే కాకుండా చేతులు, పాదాలు, ఆడుకున్న గరిట, పడుకున్న చాప, వెనక వంటిల్లు కూడా పడనివ్వండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ వంటిల్లు చూసే ఎక్కువసేపు మాట్లాడుకుంటారు.

వీడియో అరనిమిషం చాలు. ఫోను అడ్డంగా పట్టుకోండి. మొదట్లోనే మీ గొంతుతో తేదీ, ఊరు చెప్పండి. ఫైలు పేరు మారిపోయినా ఆ మాట పోదు. "ఇంకోసారి అను, ఇంకోసారి నడు" అని బిడ్డను సతాయించకండి. తొలి అడుగు వీడియోలో పడకపోతే నష్టమేమీ లేదు. కళ్లతో చూసి, రాత్రికి రాసుకోండి.

గొంతు రికార్డింగును ఎవరూ పట్టించుకోరు గానీ, అన్నిటికన్నా తక్కువ జాగా తీసుకుంటుంది, అన్నిటికన్నా దగ్గరగా అనిపిస్తుంది. ఫ్యాను ఆపండి. సీలింగు ఫ్యాను చప్పుడు మన చెవికి ఆనదు, రికార్డింగులో మాత్రం దడదడలాడుతుంది. ఫోనును బిడ్డ నోటికి జానెడు దూరంలో బోర్లించకుండా పెట్టి, మీ మాటల్లో మీరుండండి. నెలకొకటి చేసినా చాలు.

అమ్మమ్మ, నానమ్మలవి వెంటనే రికార్డు చెయ్యండి. వాళ్ల జోలపాట, బిడ్డను పిలిచే ముద్దుపేర్లు, గోరుముద్దలు పెడుతూ చెప్పే కథ. "అమ్మా, ఇప్పుడు రికార్డు చేస్తున్నాను, పాడు" అంటే పాడరు. ముందే ఒక మాట చెప్పి ఒప్పించుకుని, నిజంగా బిడ్డను నిద్రపుచ్చే వేళకి ఫోను పక్కన పెట్టి వదిలెయ్యండి.

## 7. ప్రయాణాలు, సెలవులు

### బయలుదేరే ముందు

ఫోన్లో జాగా ఖాళీ చేసుకోండి. చిన్న నోటుబుక్కు, బాల్‌పెన్ను, ఒక కాగితపు కవరు, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచి పెట్టుకోండి. పెద్ద పుస్తకం ఇంట్లోనే ఉండాలి, ప్రయాణంలో పోతే అంతా పోతుంది.

చిన్నపిల్లలతో ఒక రోజుకి ఒక్క చోటు పెట్టుకోండి. పొద్దున్న తారాతారిణి కొండ, మధ్యాహ్నం తప్తపాణి వేడినీళ్లు, సాయంత్రం గోపాల్‌పూర్ సముద్రం అని తిరిగితే బిడ్డకు కారు సీటు తప్ప ఏదీ గుర్తుండదు, రాయడానికి మీకూ ఏమీ మిగలదు.

### అక్కడ ఉన్నప్పుడు

ఫొటోలకు అరగంట అని ముందే అనుకోండి. ఆ తర్వాత ఫోను సంచిలోకి వెళ్లాలి. చిల్క సరస్సులో రంభ దగ్గరో బర్కుల్ దగ్గరో పడవ ఎక్కినప్పుడు మొదటి పది నిమిషాలు తియ్యండి. తర్వాత రెండు చేతులూ బిడ్డను పట్టుకోవడానికే ఉండాలి.

తారాతారిణి గుడిలో చైత్ర మంగళవారాల్లో పుట్టువెంట్రుకలు తీయించేవాళ్లు ఎక్కువ, జనం కిక్కిరిసి ఉంటారు. అక్కడ ఫొటో బాధ్యత ఒక్కరికే అప్పజెప్పండి. తల్లి ఒళ్లో బిడ్డ ఉంటుంది కాబట్టి ఆ మనిషి బాబాయో, మేనమామో అయితే మంచిది. ఏమేం తియ్యాలో ముందే చెప్పండి: జుట్టుతో ఒకటి, మంగలి చేతులు ఒకటి, గుండు మీద గంధం పూశాక ఒకటి, అప్పుడు తల్లి ముఖం ఒకటి. ఈ చివరిది అందరూ మర్చిపోతారు.

ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే, పిల్లలు బయటికొచ్చే రోజుల్లో వెళితే ఫ్లాష్, టార్చి వాడొద్దు. ఇసుకలోంచి వచ్చే తాబేలు పిల్లలు వెలుగును చూసి సముద్రం వైపు కాకుండా దారి తప్పుతాయి. అక్కడ కళ్లతో చూసిందే రాసుకోండి.

రాత్రి పడుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకుని, ఒక్కోదానికి ఒక్క వాక్యం రాయండి:

- ఇవాళ దేనికి నవ్వింది?
- దేనికి భయపడింది, లేదా మారాం చేసింది?
- ఏం తింది, ఏం వద్దంది?

సముద్రం ఎంత బాగుందో రాయనక్కర్లేదు. అలను చూసి "నీయు వత్తోంది" అని వెనక్కి పరిగెత్తిందని రాయండి. వాన పడి ప్రయాణం చెడినా, రైలు ఆలస్యమై ప్లాట్‌ఫారం మీద పెరుగన్నం తిన్నా అవీ రాయండి. కుటుంబమంతా తర్వాత చెప్పుకునేవి అవే.

### తిరిగొచ్చాక, వారంలోపు

1. ఒకే దృశ్యానివి పది ఫొటోలుంటే ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యండి. ఎవరి కళ్లయినా మూసుకుపోయినా ఫొటోలో కదలిక ఉంటే ఉంచండి.
2. రోజుకి అయిదు ఫొటోల చొప్పున ఎంచి, ఆ ప్రయాణం పేరుతో, తేదీతో ఫోల్డరులో వెయ్యండి: "2025 జనవరి చిల్క".
3. చిన్న పుస్తకంలోని వాక్యాలను పెద్ద పుస్తకంలోకి ఎక్కించండి.
4. టికెట్లు, రసీదులు కవర్లో వేసి పైన తేదీ రాయండి. నున్నటి కాగితం మీద మెషీన్లో వచ్చే రసీదుల అక్షరాలు కొన్నాళ్లకు మాసిపోతాయి, వాటిని వెంటనే ఫొటో తియ్యండి.
5. గవ్వలు తెస్తే మంచినీళ్లలో కడిగి, బాగా ఆరాకే డబ్బాలో వెయ్యండి. తడితో పెడితే వాసన, బూజు.
6. మూడేళ్లు దాటిన బిడ్డను కూర్చోబెట్టి "ఏం చూశావో చెప్పు" అని రికార్డు చెయ్యండి. తప్పు చెప్పినా మధ్యలో అందుకోకండి.

## 8. పండగలకు ఒకే చోటు, ఒకే భంగిమ

ఏటా ఒకే చోట ఒక్క ఫొటో తీస్తే చాలు. భోగి నాడు అదే పీట మీద. ప్రథమాష్టమి (పెద్ద బిడ్డకు చేసే ఒడియా పండగ) చేసే ఇళ్లలో మేనమామ పంపిన కొత్తబట్టలతో, పక్కన ఎండూరి పిఠా (పసుపాకులో ఆవిరి మీద ఉడికించే పిండివంట) పళ్లెంతో. కార్తీక పున్నమి తెల్లవారుజామున అదే రేవులో, చేతిలో నీళ్లలో వదిలే చిన్న పడవతో. బరంపురం వాళ్లకు అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, రెండేళ్లకోసారి వస్తుంది కాబట్టి ఆ ఫొటోల మధ్య ఎదుగుదల కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎవరెవరున్నారో పేర్లు, వరసలతో రాయండి: "పెద్ద మేనత్త", "గుణుపురం పిన్ని". పదేళ్లకు పక్కింటివాళ్ల పేర్లు కూడా గుర్తుండవు.

## 9. దాచడం: తేమ, తుఫాను, పాడైన ఫోను

మన తీరంలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల దాకా ముంచింది. తుఫాను లేని ఏడాదిలోనూ వానాకాలం తేమకి ఆల్బముల్లో బూజు పడుతుంది.

మూడు కాపీలు ఉండాలి. ఒకటి ఫోన్లో, ఒకటి హార్డ్‌డిస్కులో, ఒకటి ఇంటి బయట. ఇంటి బయటిది గూగుల్ ఫొటోస్ కావచ్చు, విశాఖపట్నంలోనో శ్రీకాకుళంలోనో ఉన్న అక్కగారింట్లో ఇంకో హార్డ్‌డిస్కు కావచ్చు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్, డ్రైవ్ కూడా. 2021 జూన్ 1 నుంచి ఎక్కించిన ఫొటోలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అందుకే ముందు ఏరివేత, తర్వాత అప్‌లోడ్. పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోవద్దు. ఉగాదికీ దసరాకీ హార్డ్‌డిస్కు తగిలించి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి.

వాట్సాప్‌లో పంపిన ఫొటో అసలుది కాదు. నాణ్యత తగ్గుతుంది, తీసిన తేదీ వివరాలూ పోతాయి. చుట్టాలు తీసిన ఫొటోలు కావాలంటే "డాక్యుమెంటుగా పంపండి" అని అడగండి.

ఏడాదికి ఓ ముప్పై ఫొటోలైనా 4x6 సైజులో స్టూడియోలో ప్రింటు వేయించండి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటరు మీద తీసినవి తడి తగిలితే రంగు కారతాయి. జిగురు పేజీల ఆల్బమ్ వద్దు. కొన్నేళ్లకు పేజీ పసుపెక్కి, ఫొటో ఊడి రాదు. జేబులున్న ఆల్బమ్ కొని, వివరం పక్కనే కాగితం మీద రాయండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలం ముందు మార్చండి.

తుఫాను హెచ్చరిక రాగానే:

- నోటుబుక్కు, రక్షణ కార్డు, హార్డ్‌డిస్కు జిప్ సంచుల్లో పెట్టి, పై అటకకో బయలుదేరే సంచిలోకో.
- నోటుబుక్కులో కొత్త పేజీలన్నీ ఫొటో తీసి, కరెంటు పోకముందే అప్‌లోడ్.
- ఫోను, పవర్‌బ్యాంకు నిండా ఛార్జింగు.

స్టూడియో ప్రింట్లు తడిసి ఒకదానికొకటి అంటుకుంటే లాగకండి. చల్లటి మంచినీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా శుభ్రమైన గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే ముడుచుకుపోతాయి.

## 10. ఇతరులకు చూపించడం

స్నానం ఫొటోలు, బట్టల్లేని ఫొటోలు ఎంత ముద్దుగా ఉన్నా ఏ గ్రూపులోకీ వెళ్లకూడదు. బడి పేరున్న యూనిఫాం, ఇంటి నంబరు కనిపించే గుమ్మం కూడా అంతే. ఊళ్లో లేనప్పుడు స్టేటస్ పెట్టకండి, తిరిగొచ్చాక పెట్టండి. డాక్యుమెంటుగా పంపే ఫొటోలో లొకేషన్ కూడా వెళ్లిపోతుంది కాబట్టి నమ్మకమైన ఇంటివాళ్లకే పంపండి. వేరేవాళ్ల పిల్లలు ఫొటోలో ఉంటే వాళ్ల అమ్మానాన్నలను అడగండి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి

మొదటి నెల అంతా రాసి, తర్వాత ఆగిపోవడం. రోజూ రాయాలనుకోవడమే దీనికి కారణం. వారానికి ఒక నోటు చాలు. ఆదివారం టిఫిన్ అయ్యాక పది నిమిషాలు పెట్టుకోండి.

అన్నీ మంచివే రాయడం. జ్వరం వచ్చి రాత్రంతా భుజం మీద పడుకున్న రోజు, చెల్లి పుట్టినందుకు అలిగిన రోజు కూడా రాయండి. పెద్దయ్యాక చదివితే బిడ్డ చిన్నబుచ్చుకుంటుందనిపించేది మాత్రం వదిలెయ్యండి.

రెండో బిడ్డ పుస్తకం ఖాళీగా ఉండటం. ఇది దాదాపు ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది. రెండో బిడ్డకు వేరే పుస్తకం పెట్టి, పెద్ద పిల్ల చేత కూడా అందులో రాయించండి. "తమ్ముడు నా పెన్సిలు కొరికాడు" అన్న వంకర అక్షరాల వాక్యం చాలు.

తండ్రి ఫొటోల్లో ఉంటాడు గానీ తల్లి ఉండదు. తీసేది ఆమే కాబట్టి. నెలకొకసారి ఫోను ఇంకొకరి చేతికివ్వండి.

"ఇప్పటికే రెండేళ్లు దాటిపోయాయి, ఇక ఎలా?" ముందు ఇవాళ్టి నోటు రాయండి. ఆ తర్వాతే వెనక్కి వెళ్లండి, ఇలా:

1. రక్షణ కార్డులో టీకా తేదీలు చూడండి. ఆ రోజుల చుట్టూ ఏం జరిగిందో గుర్తొస్తుంది.
2. ఫోన్ గ్యాలరీని నెలల వారీగా తెరవండి. పాకుతున్న మొదటి ఫొటో, నిలబడ్డ మొదటి ఫొటో తేదీలు రాసుకోండి.
3. కుటుంబం వాట్సాప్ గ్రూపులో "నడిచింది", "పన్ను", "అంది" లాంటి మాటలతో వెతకండి. ఆ రోజు మీరే సంబరంగా రాసిన సందేశాలు దొరుకుతాయి. ఎక్స్‌పోర్ట్ చాట్ చేసి దాచుకోండి.
4. అమ్మమ్మకి, నానమ్మకి ఫోను చేసి అడగండి. ఇద్దరూ వేరువేరుగా చెబితే ఇద్దరివీ రాయండి.
5. తేదీ కచ్చితంగా తెలియకపోతే "సుమారు, 2023 దసరా తర్వాత" అని రాయండి. ఊహించి తేదీ వెయ్యొద్దు.

ఒక్కో ఆదివారం ఒక్కో నెల చొప్పున వెనక్కి వెళితే, రెండేళ్లవీ ఆరు నెలల్లో పుస్తకంలోకి ఎక్కుతాయి. ఈలోగా కొత్త నోట్లు మాత్రం ఆగకూడదు. పాతవాటికి పుస్తకం చివరి పేజీల నుంచి వెనక్కి రాయడం మొదలుపెడితే కొత్తవాటికి అడ్డం రావు.